ఆకు పసుపెక్కిందంటే గ్రీనింగేనా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

నిమ్మజాతి చెట్లకు వచ్చే గ్రీనింగ్ తెగులు మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. అడిగినవాళ్లలో తోట పెంచేవాళ్లున్నారు, నర్సరీ వాళ్లున్నారు, పరిశోధన చేసే పిల్లలున్నారు. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేసి, ఓపిక ఉన్నంత మేర వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: మా బత్తాయి చెట్లలో కొన్నిటి ఆకులు పసుపు మచ్చలు పడుతున్నాయి. జింకు లోపం అన్నారని రెండుసార్లు జింకు మందు కొట్టాం. కొన్ని చెట్లు తేరుకున్నాయి, కొన్ని అలాగే ఉన్నాయి. ఇప్పుడు గ్రీనింగ్ అంటున్నారు. ఏది నమ్మాలి?
– ఒక తోట యజమాని

ముందు తేరుకోని చెట్టు నుంచి ముదురు ఆకు ఒకటి కోసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. మధ్య ఈనె ఆకును రెండు సగాలు చేస్తుంది కదా, జింకు లోపమైతే ఆ రెండు సగాలూ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటాయి, ఈనెల వెంట ఆకుపచ్చ, ఈనెల మధ్య పసుపు, ఎడమవైపు ఎలా ఉంటే కుడివైపూ అలాగే. గ్రీనింగ్‌లో ఆ పొంతన ఉండదు. ఒక సగంలో పైన పసుపు ఉంటే ఇంకో సగంలో కింద ఉంటుంది, మచ్చలు ఈనెల్ని లెక్కచేయకుండా వాటిని దాటుకుని పరుచుకుంటాయి. కంటికి సరిగ్గా తెలియకపోతే పెన్ను తీసుకుని ఎడమ సగంలో ఒక సున్నా చుట్టండి, మధ్య ఈనెకు అంతే దూరంలో, సరిగ్గా దానికి ఎదురుగా కుడి సగంలో ఇంకో సున్నా చుట్టండి. రెండు సున్నాల లోపలి రంగు పోల్చండి. ఒకదాంట్లో ఆకుపచ్చ, ఇంకోదాంట్లో పసుపు వచ్చి, అలా నాలుగైదు ఆకుల్లో కనిపిస్తే అనుమానించాల్సిందే.

తర్వాత కాయ. తొడిమ మధ్యగా నిలువుకు కోసి చూస్తే, గ్రీనింగ్ సోకిన కాయ ఒకపక్కకు ఒరిగి ఉంటుంది, మధ్యలో ఉండే తెల్లటి బొడ్డు వంకర తిరిగి ఉంటుంది, గింజలు నల్లబడి ఎండిపోయి తాలుగా ఉంటాయి. మంచి కాయకు రంగు అడుగు నుంచి మొదలవుతుంది, ఈ తెగులు ఉన్న కాయకు తొడిమ దగ్గర మొదలై అడుగు ఆకుపచ్చగానే మిగిలిపోతుంది. గ్రీనింగ్ అన్న పేరు వచ్చింది ఆ అడుగు పచ్చదనం వల్లే.

ఇంకో చిన్న పరీక్ష అయోడిన్‌తో. గ్రీనింగ్ తెచ్చే బాక్టీరియా ఉండేది ఆకులో తయారైన చక్కెరను మోసుకెళ్లే గొట్టాల్లో, అంటే పోషక కణజాలంలో. ఆ గొట్టాలు మూసుకుపోతే చక్కెర బయటికి పోలేక ఆకులోనే పిండి పదార్థంగా పేరుకుంటుంది. అందుకే ఈ ఆకులు చేత్తో నలిపితే మందంగా, పెళుసుగా తగులుతాయి. గరుకు కాగితంతో ఆకు పైభాగం రుద్ది, ఆ కాగితాన్ని కాస్త నీళ్లలో జాడించి, అందులో రెండు చుక్కల అయోడిన్ వేస్తే నీళ్లు ముదురు నీలంగా, నలుపుగా మారతాయి. మంచి ఆకైతే అంతగా మారవు. అయితే కొమ్మ విరిగినా, బెరడు చుట్టూ దెబ్బ తగిలినా పిండి ఇలాగే పేరుకుంటుంది. కాబట్టి ల్యాబ్‌కు ఏ ఆకుల్ని పంపాలో తేల్చుకోవడానికే ఈ మూడు పద్ధతులూ. వీటిని చూసి తెగులు ఖాయం అనుకుని చెట్టు నరికేయకండి.

మీ ఉత్తరంలో ఇంకో విషయం ఉంది. తేరుకోని చెట్లకు జింకు లోపం కూడా ఉండొచ్చు. గ్రీనింగ్ వేర్లను తినేస్తుంది, వేరు పోయిన చెట్టు జింకును పీల్చుకోలేదు, అప్పుడు రెండు రకాల లక్షణాలూ ఒకే కొమ్మ మీద కనిపిస్తాయి. జింకు కొడితే కొంచెం పచ్చబడుతుంది, దాంతో మనం ఊరడిల్లుతాం, ఈలోగా ఈ బాక్టీరియాను మోసే సిల్లా అనే చిన్న పురుగు ఆ చెట్టు మీద నుంచి పక్క చెట్టుకు వెళ్తూనే ఉంటుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ పోయిన కాలమే.

ప్రశ్న: ఒకే చెట్టు ఆకుల్ని రెండు ల్యాబ్‌లకు పంపాను. ఒకరు పాజిటివ్ అన్నారు, ఒకరు నెగటివ్ అన్నారు. ఎవరు తప్పు?
– ఇంకో తోట యజమాని

ఇద్దరూ కరెక్టే కావొచ్చండీ. రిపోర్టు జవాబిచ్చేది మీరు పంపిన ఆకుకు, చెట్టుకు కాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈ బాక్టీరియా చెట్టంతా సమానంగా పరుచుకోదు. తూర్పు కొమ్మలో లక్షల్లో ఉంటుంది, పడమటి కొమ్మలో అసలు ఉండదు, ఒకే కొమ్మ మీద పక్కపక్క ఆకుల్లో కూడా తేడా వస్తుంది. ఇక ల్యాబ్‌లో ఏం జరుగుతుందో చూడండి. మీరు పంపిన ఆకు అంతా వాడరు. ఆకు రెక్కల్ని తీసేసి, మధ్య ఈనె, కాడ మాత్రం బ్లేడుతో సన్నగా తరుగుతారు, ఎందుకంటే చక్కెర గొట్టాలు ఉండేది అక్కడే. ఆ తరుగులో సాధారణంగా 100 నుంచి 200 మిల్లీగ్రాములు తూచి, ద్రవ నైట్రోజన్ పోసి కల్వంలో నూరుతారు. అంటే వేల ఆకులున్న చెట్టు తరఫున ట్యూబులోకి వెళ్లేది గ్రాములో పదో వంతో, ఐదో వంతో. ఆ చిటికెడు పొడిలో బాక్టీరియా లేకపోతే ఎంత మంచి యంత్రమైనా ఉందని చెప్పలేదు.

అందుకని చెట్టుకు నాలుగు వైపుల నుంచీ తీయండి. మచ్చలున్న ఆకులు దొరికితే అవే ముఖ్యం, లేత చిగురు వద్దు, రాలిపోబోయే ముసలి ఆకూ వద్దు, పూర్తిగా విచ్చుకుని ముదిరిన ఆకును కాడతో సహా కోయండి. మండు వేసవిలో బాక్టీరియా సంఖ్య పడిపోతుంది, చల్లబడ్డాక తీస్తే దొరికే అవకాశం ఎక్కువ. ఆకుల్ని తడిపి కవర్లో వేయొద్దు, కుళ్లిపోతాయి. పొడి కాగితంలో చుట్టి, కవర్లో పెట్టి, చల్లగా ఉంచి వీలైనంత త్వరగా పంపండి. ఆకుల మీద ఏ లక్షణం లేకపోయినా అనుమానం పోకపోతే సన్నటి పీచువేర్లు కూడా పంపొచ్చు, ఆకులు పసుపెక్కకముందే వేర్లలో బాక్టీరియా దొరికిన సందర్భాలు చాలా ఉన్నాయి.

నెగటివ్ ఇచ్చిన ల్యాబ్‌ను ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: చెట్టు సొంత జన్యువు కనిపించిందా? నిమ్మజాతి ఆకుల్లో జిగురు పదార్థాలు, పాలీఫినాల్స్ ఎక్కువ, అవి డీఎన్‌ఏతో పాటు వచ్చేసి పీసీఆర్‌ను, అంటే డీఎన్‌ఏ ముక్కను లక్షల రెట్లు పెంచి చూసే పరీక్షను, ఆపేస్తాయి. అందుకే మంచి పరీక్షలో బాక్టీరియా జన్యువుతో పాటు చెట్టుకు చెందిన జన్యువును కూడా, మామూలుగా సైటోక్రోమ్ ఆక్సిడేజ్ జన్యువును, అదే ట్యూబులో వెతుకుతారు. చెట్టు జన్యువే కనబడలేదంటే ఆ పరీక్ష జరగనట్టే లెక్క, దాన్ని నెగటివ్ అనకూడదు.

పాజిటివ్ ఇచ్చినవాళ్లను అడగాల్సింది ఇంకొకటి: ఉత్త నీళ్లు పోసిన ట్యూబు ఖాళీగానే ఉందా? నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ల్యాబ్‌లో ఒకరోజు వరసగా అన్ని నమూనాలూ పాజిటివ్ వచ్చాయి, ఆకు ముక్క కూడా వేయని నీళ్ల ట్యూబుతో సహా. అంతకుముందు రోజు తెరిచిన ట్యూబుల్లోని డీఎన్‌ఏ, ద్రవాన్ని కొలిచి పోసే పిపెట్‌కు అంటుకుని ఉంది. ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పడేసి ఆకులు తరగడం దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాం. నీళ్ల ట్యూబు పెట్టకుండా ఉంటే ఎన్ని మంచి చెట్లు నరికించేవాళ్లమో అని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రశ్న: రిపోర్టులో "సీటీ 34" అని ఉంది. అంటే 34 శాతం తెగులా?

కాదు. అది శాతం కాదు, ఎన్నో చక్రంలో యంత్రానికి వెలుగు కనబడిందో ఆ లెక్క. రియల్ టైమ్ పీసీఆర్‌లో ఒక్కో చక్రానికి డీఎన్‌ఏ సుమారు రెట్టింపవుతుంది. బాక్టీరియా ఎక్కువ ఉంటే త్వరగా వెలుగు వస్తుంది, సంఖ్య చిన్నగా ఉంటుంది. తక్కువ ఉంటే ఆలస్యంగా వస్తుంది, సంఖ్య పెద్దగా ఉంటుంది. 24కు, 34కు మధ్య పది చక్రాలు, అంటే పదిసార్లు రెట్టింపు, సుమారు వెయ్యి రెట్ల తేడా. మీ 34 చాలా తక్కువ మోతాదన్నమాట. చాలామంది వాడే పద్ధతి 2006లో వచ్చింది, అది వెతికేది 16ఎస్ అనే జన్యువును. ఈ జన్యువు అన్ని బాక్టీరియాల్లోనూ కొద్దిపాటి తేడాలతో ఉంటుంది కాబట్టి, ఇంత ఆలస్యంగా వచ్చిన వెలుగు ఆకు మీద ఉన్న ఇంకేదో బాక్టీరియాది కూడా కావొచ్చు. ఇలాంటప్పుడు వేరే జన్యువు మీద రెండో పరీక్ష చేయించాలి, అదే చెట్టు నుంచి కొత్త ఆకులు తీసి పంపాలి, కొన్ని వారాలాగి మళ్లీ చూడాలి. 34 చూసి గొడ్డలి తీయొద్దు, 34 చూసి నిశ్చింతగా కూర్చోవద్దు. ఇంకో సంగతి, పీసీఆర్‌కు చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ, బతికున్నదాని డీఎన్‌ఏ ఒకటే. వేడి చికిత్సో, మందో ఇచ్చిన వెంటనే చేసిన పరీక్షలో పాజిటివ్ వస్తే చికిత్స పనిచేయలేదని అనుకోనక్కర్లేదు.

ప్రశ్న: పుస్తకాల్లో ఈ బాక్టీరియా పేరుకు ముందు "కాండిడాటస్" అని రాస్తారు. అదేమిటి? ఇన్నేళ్లయినా పూర్తి పేరు ఎందుకు పెట్టలేదు?
– డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి

మంచి ప్రశ్న తల్లీ. ఒక సూక్ష్మజీవి వల్లే ఫలానా తెగులు వస్తుందని తేల్చాలంటే దాన్ని విడిగా పెంచాలి, ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ఎక్కించాలి, తెగులు రావాలి, ఆ మొక్కలోంచి మళ్లీ అదే జీవిని తీయగలగాలి. దీన్ని ల్యాబ్‌లో శుద్ధంగా పెంచి నిలబెట్టుకోవడం ఇంతవరకూ ఎవరికీ సాధ్యపడలేదు. బ్రతుకుకు కావాల్సినవి చాలావరకు చెట్టు నుంచో, పురుగు నుంచో తెచ్చుకోవడానికి అలవాటుపడిన జీవి ఇది. విడిగా పెంచలేని, జన్యువుల ద్వారా మాత్రమే గుర్తుపట్టిన బాక్టీరియాకు "కాండిడాటస్" అన్న మాట ముందు చేరుస్తారు. అభ్యర్థి అని అర్థం.

దీన్ని గుర్తుపట్టడానికి పట్టిన కాలం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చైనాలో లిన్ కుంగ్ షియాంగ్ అంటు కడితే ఈ తెగులు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వస్తోందని 1956లో ప్రచురించారు, అంటే నేల లోపమో, నీళ్ల లోపమో కాదు, సోకే జబ్బని తేలింది. చాలాకాలం వైరస్ అనుకున్నారు. దక్షిణాఫ్రికాలో 1965లో ఒక రకం సిల్లా పురుగు దీన్ని మోస్తుందని బయటపడింది, ఆసియాలో ఇంకో రకం సిల్లా, డయాఫోరినా సిట్రి, మోస్తుందని 1967లో భారతదేశంలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ చూపించారు. 1970లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ బోవే, ఆయనతో పనిచేసినవాళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పోషక కణజాలంలో ఉన్న జీవుల్ని చూశారు. మొదట కణకవచం లేని మైకోప్లాస్మా లాంటివి అనుకున్నారు, తర్వాత కవచం ఉన్న మామూలు బాక్టీరియాలే అని తెలుసుకున్నారు. 1994లో 16ఎస్ జన్యువు చదివాక దీని వంశం దొరికింది, లైబెరిబాక్టర్ అన్న పేరుకు మూలం అప్పుడే పడింది. ఆసియా రకం ఏషియాటికస్, ఆఫ్రికా రకం ఆఫ్రికానస్. 2004లో బ్రెజిల్‌లో తెగులు కనిపించినప్పుడు పాత పీసీఆర్‌కు కొన్ని చెట్లు నెగటివ్ వచ్చాయి, లక్షణాలు మాత్రం కళ్ల ముందే ఉన్నాయి. జన్యువు చదివి చూస్తే మూడో జాతి, దానికి అమెరికానస్ అని పేరు పెట్టారు. పరీక్ష కాదంటున్నా చెట్టును నమ్మినవాళ్ల వల్ల దొరికిన జాతి అది.

తెగులు అసలు పేరు హువాంగ్‌లాంగ్‌బింగ్, పసుపు చిగురు తెగులు అని అర్థం. 1995లో చైనాలోని ఫుజౌ సమావేశంలో అదే అధికారిక పేరుగా నిర్ణయించారు.

ప్రశ్న: నేను పది తోటల నుంచి తెచ్చిన నమూనాల్లో 16ఎస్ జన్యువు చదివించాను. అన్నీ ఒకదానితో ఒకటి 99 శాతం పైగా సరిపోయాయి. మా సారు "జన్యు లక్షణాలు రాయి" అంటున్నారు. రాయడానికి ఏముంది, అన్నీ ఒకటే కదా?
– ఒక పరిశోధక విద్యార్థి

16ఎస్ అనేది ఇంటిపేరు లాంటిది బాబూ. దాన్ని చూసి ఏ కుటుంబమో చెప్పొచ్చు, అన్నదమ్ముల్లో ఎవరో చెప్పలేం. ఇది ఏషియాటికస్ అని రుజువు చేయడానికి మీ పని సరిపోయింది. మధ్యలో ఇంకో మెట్టు కూడా ఉంది, రెండో పరీక్షగా చాలామంది వాడే ఏ2, జే5 ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రైబోజోమ్ ప్రోటీన్ జన్యువుల్ని పెంచితే ఏషియాటికస్‌కు 703 డీఎన్‌ఏ అక్షరాల ముక్క, ఆఫ్రికానస్‌కు 669 అక్షరాల ముక్క వస్తాయి, జెల్ మీద పొడవులోనే తేడా కనబడుతుంది. కానీ మీకు కావాల్సింది జాతి లోపలి తేడాలు. అందుకు త్వరగా మారే చోట్లు చూడాలి.

2009లో మొదటిసారి దీని పూర్తి జన్యురాశిని చదివారు, ఫ్లోరిడాలో ఒకే ఒక్క సిల్లా పురుగు నుంచి తీసిన డీఎన్‌ఏతో. సుమారు 12 లక్షల 30 వేల అక్షరాలు. మన పేగుల్లో ఉండే ఈ.కొలైకి 46 లక్షలు ఉంటాయి, దాంతో పోలిస్తే ఇది ఎంత కుదించుకుపోయిందో చూడండి. ఆ వరస చేతిలో ఉండటం వల్లే ఇప్పుడు మారే చోట్లు ఎక్కడున్నాయో తెలుసు. అందులో ఒక జన్యువులో ఏజీఏసీఏసీఏ అనే ఏడక్షరాల ముక్క వెంటవెంటనే మళ్లీ మళ్లీ వస్తుంది. కొన్ని నమూనాల్లో ఐదుసార్లు, కొన్నింట్లో ఏడుసార్లు, కొన్నింట్లో పదికి పైగా. ఆ చోటును పీసీఆర్‌తో పెంచి వరస చదివి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఒకే చెట్టులో రెండు లెక్కలు వస్తే కంగారుపడొద్దు, ఆ చెట్టుకు ఒకటికి మించిన రకాలు సోకి ఉండొచ్చు, అది మీ థీసిస్‌లో రాయాల్సిన విషయమే.

రెండోది ప్రోఫేజ్‌లు. బాక్టీరియాను పట్టే వైరస్‌లు దాని జన్యురాశిలో దూరి కూర్చుంటాయి. దీంట్లో ఎస్‌సీ1, ఎస్‌సీ2 అనే రెండింటిని 2011లో వివరించారు, ఒక్కోటి సుమారు 40 వేల అక్షరాలు. తర్వాత మూడో రకం కూడా దొరికింది. ఏ తోటలో ఏ రకం ఉంది, అసలు ఉందా లేదా అని చూస్తే మీ పది తోటలు రెండు మూడు గుంపులుగా విడిపోవచ్చు.

ఒక్క చోటును చూసి "ఈ రకం ఫలానా దేశం నుంచి వచ్చింది" అని మాత్రం రాయకండి. ఏడక్షరాల ముక్క ఎక్కువ తక్కువ అవడం చాలా తేలిక, ఎక్కడో వేరే చోట విడిగా కూడా అదే లెక్క రావొచ్చు. ఐదారు చోట్లు కలిపి చూస్తేనే వంశం గురించి మాట్లాడే అర్హత వస్తుంది. ఇంకోటి, నమూనా తీసిన రోజే చెట్టు వయసు, అంటుకొమ్మ ఎక్కణ్నుంచి వచ్చింది, వేరుమూలం (అంటు కట్టిన కింది మొక్క) ఏది అన్నవి నోట్‌బుక్‌లో రాసుకోండి. పది తోటల్లో నాలుగింటికి ఒకే రకం వచ్చి, ఆ నాలుగూ ఒకే నర్సరీ మొక్కలని తేలితే తెగులు ఏ దారిన నడిచిందో మీ చేతిలో ఉంటుంది. ఆ నోట్‌బుక్ లేకపోతే ఎంత వరస చదివినా అక్షరాలుగానే మిగిలిపోతుంది.

ప్రశ్న: గజ్జి తెగులు, గ్రీనింగ్ ఒకటేనా?

కాదు. రెండూ బాక్టీరియా వల్లే వస్తాయి, అంతవరకే పోలిక. గజ్జి తెచ్చేది జాంథోమోనాస్, ఆకు మీద, కాయ మీద చేతికి గరుగ్గా తగిలే పొక్కులు, చుట్టూ పసుపు వలయం. వానజల్లు, గాలి మోసుకెళ్తాయి. ల్యాబ్‌లో హాయిగా పెరుగుతుంది. గ్రీనింగ్‌కు పొక్కులుండవు.

ప్రశ్న: పీసీఆర్ యంత్రం లేకుండా తోటలోనే తేల్చే పరీక్ష ఏదైనా ఉందా? కుక్కలు వాసన పట్టి చెబుతాయని విన్నాను, నిజమేనా?

ల్యాంప్ అనే పద్ధతి ఉంది. పీసీఆర్‌లో వేడిని పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి, దీనికి 65 డిగ్రీల దగ్గర ఒకే వేడి చాలు, గంటలోపు రంగు మార్పో, మసకో కనిపిస్తుంది. చాలా సున్నితమైన పరీక్ష, అదే దాని కష్టం కూడా, పరీక్ష అయ్యాక ఒక్కసారి ట్యూబు మూత తోటలో తెరిచారంటే తర్వాతి పరీక్షలన్నీ పాడైపోతాయి. కుక్కల మాట నిజమే. అమెరికాలో శిక్షణ ఇచ్చిన కుక్కలు బాక్టీరియా ఎక్కించిన చెట్లను కొద్ది వారాల్లోనే పట్టేశాయని 2020లో ప్రచురించారు. కుక్క చెట్టంతటినీ ఒకేసారి వాసన చూస్తుంది, మనం ఆకుల్ని ఏరుకోవాలి, తేడా అక్కడుంది. ఇక తోటలో చిగుళ్ల మీద తల కిందికి, వెనకభాగం పైకి ఎత్తి ఏటవాలుగా కూర్చున్న 3, 4 మిల్లీమీటర్ల పురుగులు కనిపిస్తే వాటినీ స్పిరిట్‌లో వేసి పంపండి. చెట్లలో ఏమీ కనబడకముందే పురుగుల్లో బాక్టీరియా దొరుకుతుంది.

ప్రశ్న: నర్సరీ నడుపుతున్నాను. తల్లి చెట్టుకు పోయిన ఏడాది నెగటివ్ వచ్చింది. ఈ ఏడాది దాని నుంచి అంటు కట్టడానికి కన్నులు (మొగ్గలు) తీసుకోవచ్చా?

పోయిన ఏడాది రిపోర్టుతో తీసుకోవద్దండీ, దయచేసి. బాక్టీరియా చెట్టులోకి వెళ్లాక పరీక్షకు అందేంత పెరగడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. మధ్యలో ఒక్క సిల్లా పురుగు వాలినా ఆ కాగితానికి విలువ లేదు. తోటలో ఒక జబ్బు చెట్టు ఉంటే దాని చుట్టూ ఉన్నవాటికే ప్రమాదం, తల్లి చెట్టుకు ఉంటే దాని కన్నులు వెళ్లిన ప్రతి చోటికీ ప్రమాదం, ఆ మొక్కలు కొన్నవాళ్లకు కాయ కాసే వయసు వచ్చేదాకా తెలియదు కూడా. తల్లి చెట్లను పురుగు దూరలేని సన్నటి వల ఉన్న ఇంట్లో పెంచండి, రెండు తలుపులు పెట్టండి. కన్నులు కోసే ముందు నాలుగు వైపుల ఆకులతో మళ్లీ పరీక్ష చేయించండి, ఒకసారి కాదు, కొన్ని నెలల తేడాతో. ఏ తల్లి చెట్టు కన్ను ఏ వరస మొక్కలకు వెళ్లిందో రాసి ఉంచండి. రేపు ఒక తల్లి చెట్టుకు పాజిటివ్ వస్తే ఎవరెవరికి ఫోన్ చేయాలో ఆ పుస్తకమే చెప్పాలి.